చిరంజీవి జీన్స్ ప్యాంటును ఆశీర్వదించి వ్రాయునది

అంబాజీపేట,
మంగళవారం రాత్రి.

చిరంజీవి నీలిరంగు జీన్స్ ప్యాంటును నీ యజమాని ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. నడుం మాత్రం 38 దగ్గర ఆగింది. ఆగిందనే అనుకుంటున్నాను. అక్కడ బీరువా కింది అరలో, కలరా ఉండల మధ్య నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నిన్న రాత్రి మనింట్లో నీ మీద పంచాయతీ జరిగింది. వచ్చే మాఘంలో నాకు షష్టిపూర్తి కదా. పీటల మీద పట్టుపంచె కట్టుకోవాలన్నారు, సరేనన్నాను. కండువా అన్నారు, దానికీ సరేనన్నాను. గొడవ అక్కడ రాలేదు. పీటల మీంచి లేచాక కూడా నువ్వు నా కాళ్ల మీద కనబడకూడదట. భీమవరం నుంచి వచ్చిన మా బావమరిది తీర్మానం పెట్టాడు, మా అక్కయ్య బలపరిచింది, మా అమ్మ ఏమీ వినబడకపోయినా తలూపింది.

"బావగారూ, మనవలు పుట్టేశారు. ఇంకా ఆ జీన్సూ, ఆ రౌండ్ నెక్ టీషర్టూ ఏంటండీ? వయసుకు తగ్గట్టు ఉండాలి కదండీ. ఆయ్."

ఏ వయసుకు ఏ బట్టో ఓ కాగితం మీద రాసిమ్మన్నాను. అలాంటివి రాసుండవండీ, చూస్తే తెలిసిపోతాయన్నాడు. సరే, చూద్దామనే ఇవాళ పొద్దున్న ఐదింటికి కాలవ గట్టు మీదకు వెళ్లాను. ఎదురుగా మా బావమరిది వస్తున్నాడు. నాకన్నా రెండేళ్లే చిన్న. మోకాళ్లకు జానెడు పైకి నిక్కరు, చేతుల్లేని బనియను, చిలకపచ్చ బూట్లు. ఆ బూట్లు చూసి గట్టు మీద మేస్తున్న గేదె తల తిప్పేసుకుంది. దారిన పోయే పెద్దమనుషులు మాత్రం ఆగి మరీ "వాకింగాండీ?" అని ఆప్యాయంగా పలకరిస్తున్నారు. ఒక్కడూ వయసు ఊసెత్తలేదు. ఎందుకంటే ఆయనకు షుగరుంది. డాక్టరు నడవమన్నాడు. మన గోదావరి జిల్లాల్లో షుగరుంటే నిక్కరుకు పర్మిషన్ ఉన్నట్టే. నా ఖర్మ, నాకు బీపీ ఒక్కటే ఉంది. బీపీకి జీన్స్ రాసే డాక్టరు ఇంకా పుట్టలేదు.

నిజం చెప్పాలంటే నీ మీద నాకూ ఫిర్యాదులున్నాయి. అవి ఇంట్లోవాళ్ల ముందు ఒప్పుకోలేదు, నీకు మాత్రం చెప్పాలి.

మీ వంశంతో నా పరిచయం 1985 నాటిది. కాకినాడలో డిగ్రీ మొదలుపెట్టినప్పుడు మా మేనమామ మద్రాసు బర్మా బజారు నుంచి మీ తాతను తెచ్చిచ్చాడు. గోనెసంచిలా నిలబెడితే నిలబడేది. మరుసటేడు ఆగస్టులో గోదావరికి ఆ పెద్ద వరద వచ్చింది. లంకలో ఉన్న మా పెదనాన్న ఇంట్లోంచి ధాన్యం బస్తాలు మోయాలి. నీళ్లు మోకాలు దాటాయి. మా నాన్న ఏం చేశాడో తెలుసా? పంచె కింది అంచు రెండు చేతులతో పట్టుకుని, కాళ్ల మధ్యనుంచి వెనక్కి లాగి, నడుం దగ్గర దోపేశాడు. రెండు సెకన్ల పని. బస్తా భుజానికెత్తుకుని చకచకా నడిచిపోయాడు. నేను మీ తాత కాళ్లు మడవబోయాను. రెండు మడతలు పడ్డాక పిక్క దగ్గర పట్టేసి పైకి రానంది. అలాగే దిగాను. నీళ్లు తాగి తాగి అది బస్తా అంత బరువెక్కింది. "ఒరేయ్, నువ్వు బస్తా మొయ్యక్కర్లేదురా, ముందా ప్యాంటు మొయ్యి" అన్నాడు మా నాన్న. ఆ ముసురులో దండెం మీద అది ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజున వాసనొచ్చింది.

తరవాత తెలిసింది, తప్పు మీది కాదని. మీరు పుట్టింది మా బురదలో కాదు, అమెరికాలో నెవాడా ఎండల్లో. జేకబ్ డేవిస్ అనే దర్జీ దగ్గరికి ఓ కూలీ భార్య వచ్చి, మా ఆయనకు ఓ పట్టాన చిరగని ప్యాంటు కుట్టిపెట్టమందట. ఆయన జేబుల మూలల్లో రాగి రివెట్లు బిగించాడు. గుడ్డలమ్మే లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న పేటెంటు తీసుకున్నాడు. అంటే మీది కష్టజీవుల వంశం. కుర్రకారు సోకు ఎక్కడో మధ్యలో అంటుకుంది. ఈ సంగతి నిన్న పంచాయతీలో చెబితే, "అయితే కూలీ బట్టా!" అని మా అక్కయ్య ఇంకో పాయింటు పట్టుకుంది.

నీ కుడి జేబులో ఓ బుల్లి జేబుంటుంది కదా, అది ఆ రోజుల్లో గొలుసు గడియారం పెట్టుకోవడానికట. నేనందులో బీపీ మాత్ర పెట్టుకుంటున్నాను. సరిగ్గా ఒక్క మాత్ర, రేకు ముక్కతో సహా, అతికినట్టు సరిపోతుంది. వయసుకు తగ్గట్టు అంటే ఇంతకన్నా ఏం కావాలి?

నువ్వు వెలిసిపోతున్నావని కూడా అభియోగం. బండార్లంకలో నాకు తెలిసిన నేత పెద్దాయన ఒకసారి నీ అంచు తిరగేసి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. "పడుగు నీలం, పేక తెలుపండీ. ఈ నీలిమందు దారం లోపలిదాకా ఇంకదు, పైపైన పట్టుకుంటుంది. రాపిడికి అదిపోతే లోపలి తెలుపు బయటపడుతుంది. అంతే" అన్నాడు. ఆ మాట విని నా తల తడుముకున్నాను. పదిహేను రోజులకోసారి నేను తలకు వేసుకునే రంగుదీ ఇదే కథ. తేడా అల్లా, నీకు వెలిసిపోతే ఫ్యాషన్. నాకు వెలిసిపోతే మా ఆవిడ "మొదళ్లు కనబడుతున్నాయండీ" అంటుంది.

అసలీ ఊళ్లో బట్టల విషయంలో పట్టింపు ఎప్పుడొచ్చిందంటావు? మా తాత నడుముకో అంగవస్త్రం, భుజాన తువ్వాలు, అంతే. ఆ వేషంతోనే పొలం వెళ్లాడు, ఆ వేషంతోనే తగవులు తీర్చాడు. చొక్కా ఏదీ అని అడిగినవాడు లేడు. ఇప్పుడు నిండా చొక్కా తొడుక్కుని, చీలమండల దాకా నిన్ను వేసుకున్న నేను సిగ్గు లేనివాణ్ని. కాటన్ దొరను చూడు. ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టిననాటికి ఆయనకు 44 ఏళ్లు, పోయిననాటికి 96. ఆ మధ్యలో ఎన్ని మార్చాడో ఏమో, మనం మాత్రం మండుటెండలో కోటు వేసి కూడళ్లలో నిలబెట్టేశాం. రోహిణీ కార్తెలో ఆ విగ్రహం పక్కనుంచి వెళ్తుంటే నాకు చెమటలు పడతాయి. పెద్దమనిషి అయ్యాక బట్ట మార్చుకునే వీలుండదు కాబోలు.

వ్యాపారంలోనూ నీవల్ల ఇబ్బందులే. కొబ్బరి కోసం పైనుంచి వచ్చే షావుకార్లు కొట్టు ముందు దిగి, కాయల రాశి దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "ఓనరు గారు లేరా?" అని అడుగుతారు. ఉన్నారండీ, భోజనానికి వెళ్లారని చెప్పి, లోపలికెళ్లి, తెల్ల చొక్కా తగిలించుకుని మళ్లీ నేనే వచ్చిన రోజులున్నాయి. చొక్కా తగిలిస్తే రేటు నిలబడుతుంది. ఇదీ మన మార్కెట్టు. అదే షావుకారు కురిడీ, అంటే కాయలోనే ఎండిన కొబ్బరి, కొనేటప్పుడు మాత్రం పై రూపు చూడడు. కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. లోపల గుండు కదిలి గుడగుడమంటే మనసు నిండుతుంది. పచ్చికాయ కన్నా దానికే ఎక్కువిస్తాడు. కాయ ముదిరితే రేటు, మనిషి ముదిరితే పంచె.

మరి ఇన్ని బాధలు పడుతూ నిన్నెందుకు వదల్లేదంటే, చెబుతాను, నవ్వకు. పోయిన నెల నరసాపురంలో బాకీ వసూలుకు వెళ్తూ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను. పంటు మీద ప్యాంటుతో నిలబడ్డ ముసలాణ్నని నాకు నేనే జోకు వేసుకున్నాను. వశిష్ట గోదావరి మీద గాలికి జుట్టు పైకి లేచి, రంగు దిగిన మొదళ్లన్నీ లోకానికి కనబడుతున్నాయి. అవతలి రేవులో దిగేటప్పుడు ఓ కాలేజీ కుర్రాడు చెయ్యి చాపాడు. వాడి ప్యాంటుకు మోకాళ్ల దగ్గర రెండు కిటికీలున్నాయి. "తాతగారూ, చెయ్యిలా ఇవ్వండి, జారుద్ది" అన్నాడు. అని, కళ్లు కిందకి దించి నిన్ను చూశాడు. ఓ క్షణం ఆగాడు. "జాగర్త బాబాయ్" అని సర్దుకున్నాడు.

తాత నుంచి బాబాయ్‌కి తక్కువలో తక్కువ ఇరవై ఏళ్లు. నీ ఖరీదు రెండు వేలు. ఏడాదికి వంద రూపాయలు పడింది. కొబ్బరి వ్యాపారంలో ఇంత చవక బేరం నేనెన్నడూ చూళ్లేదు.

ఇక్కడితో ఉత్తరం ముగించి పడుకుందామనుకున్నాను. కానీ మా ఆవిడ సంగతొకటి మిగిలిపోయింది.

నిన్నటి పంచాయతీలో ఒక్క మాటా మాట్లాడనిది ఆవిడే. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. మౌనం అర్ధాంగీకారం అనుకుని, అందరూ వెళ్లాక, "నువ్వూ వాళ్ల పక్షమేనా?" అని కాస్త గట్టిగానే అడిగాను.

"మీ ప్యాంటు మీద ఓ పంచాయతీ అయినా జరిగిందండీ" అంది. అని చిక్కుడు తొక్కులు చాటలోకి ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ మాట అర్థమవడానికి నాకు అర్ధరాత్రి దాటింది. మా ఆవిడ ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ బయటకు చీర, ఇంట్లో నైటీ. గేటు చప్పుడైతే నైటీ మీద తువ్వాలు. ఆ తువ్వాలు తలుపు వెనక మేకుకు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. పాలబ్బాయి వచ్చినా, పక్కింటి పిల్ల చక్కెర అడగడానికి వచ్చినా ముందు దాని మీదకు చెయ్యి వెళ్తుంది. హైదరాబాదులో అమ్మాయి దగ్గర నెల రోజులున్నప్పుడు మాత్రం చుడీదారు వేసుకుంది. ఆకాశం రంగు, తెల్ల చుక్కలు. అమ్మాయి కొనిచ్చింది. అందులో మా ఆవిడ నడక చూసి ఆశ్చర్యపోయాను. అపార్ట్‌మెంటు మెట్లు నాకన్నా ముందెక్కేసి, పైన నిలబడి, "రండి రండి" అనేది.

తిరుగు ప్రయాణంలో ఆ చుడీదారుతోనే రైలెక్కింది. తాడేపల్లిగూడెం దాటాక, ఇంకా తెల్లారకముందే, నాకు మెలకువ వస్తే ఎదురు బెర్తు ఖాళీగా ఉంది. సీటు కింద బ్యాగు జిప్పు తీసి ఉంది. ఊగే రైల్లో, ఆ ఇరుకు బాత్రూములో, తడి నేల మీద కుచ్చిళ్లు పడకుండా చీర ఎలా కట్టుకుందో దేవుడికెరుక. కొవ్వూరు దాటి రైలు బ్రిడ్జెక్కేసరికి వచ్చి కూర్చుంది. నల్లంచు చీర, భుజం మీద పిన్నుతో సహా. కిటికీలోంచి గోదారమ్మకు రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకుంది. నేను పక్కనే కూర్చుని, నిన్ను వేసుకుని, టీ తాగుతున్నాను. రాజమండ్రి స్టేషన్లో నీతోనే దిగాను. ఎందుకు మార్చుకున్నావని అడగాలని నాకు తట్టలేదు. ఆవిడకు ఎవరూ చెప్పలేదు, తీర్మానం పెట్టలేదు, బలపరచలేదు. బ్రిడ్జి రాకముందే మార్చేసుకోవాలని ఆవిడకు తెలుసు, అంతే. చూస్తే తెలిసిపోతాయండీ అన్నాడు కదా మా బావమరిది.

ఇవాళ సాయంత్రం అటక మీది ఆ బ్యాగు దించాను. చుడీదారు అడుగున ఉంది, నాలుగు మడతలు, ఇంకా అమ్మాయి ఇంటి సబ్బు వాసన. ఇస్త్రీకి వేసి తెస్తానంటే మా ఆవిడ వద్దనలేదు, అవుననలేదు. "దుపట్టా కూడా తీసుకెళ్లండి, అది విడిగా పెట్టాను" అంది.

కాబట్టి నువ్వు చెయ్యవలసిందేమంటే, కింది అరలో కాస్త జరిగి కూర్చో. పక్కన చోటు కావాలి. వచ్చేది మెత్తటి గుడ్డ, నీ రివెట్లు తగిలితే పోగులు లేస్తాయి. ఊరు దానికి కొత్త.

ఇంతే సంగతులు. చిత్తగించవలెను.

ఇట్లు,
నీ యజమాని,
వయసు 59, నడుం 38.

తా.క.: గురువారం పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వస్తుంది. మా అమ్మ పోయిన వారమే నిన్ను చూపించి ఓ పాలగిన్నెకు, మూతతో సహా, బేరం కుదిర్చి పెట్టిందని పనమ్మాయి చెప్పింది. ఆ రోజు దండెం మీదకు రాకు.