పండగ పూట పాట మోసుకెళ్లేవాడు

పండగకు ఇంటికి రాలేని సైనికుణ్ణి ఇంట్లో అందరూ తలుచుకుంటారు. విస్తట్లో అరిసె వడ్డిస్తూ తల్లి చేయి ఒక్క క్షణం ఆగుతుంది. అలాంటివాళ్ల కోసం పాడటానికి, వాయించడానికి సముద్రాలు దాటి వెళ్లే సైనికుడు మరొకడు ఉంటాడు. అతనిదీ అదే యూనిఫాం. ఆ పండగకు అతనూ ఇంట్లో లేడు. కిట్‌బ్యాగ్‌తో పాటు అతని భుజాన ట్రంపెట్ పెట్టె ఉంటుంది, అంతే తేడా. అతణ్ణి తలుచుకునేవాళ్లు మాత్రం తక్కువ. క్రిస్మస్ అయిపోయి సంక్రాంతి ముగ్గులు మొదలైన ఈ రోజుల్లో అతని గురించి రాయాలని ఈ పత్రిక అనుకుంది.

గ్లెన్ మిల్లర్ కథతో మొదలుపెడతాం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికాలో ఏ ఇంటి రేడియో పెట్టినా ఆయన డాన్స్ బ్యాండే మోగేది. డబ్బుకూ పేరుకూ కొదవ లేదు. 1942లో ఆయనకు 38 ఏళ్లు, యుద్ధానికి రమ్మని ఎవరూ బలవంతం చేయలేదు. నౌకాదళంలో చేరతానంటే వద్దన్నారు. పట్టు వదలకుండా సైన్యానికి తానే ఉత్తరం రాసి చేరాడు. 1944 వేసవిలో తన వైమానిక దళ బ్యాండ్‌ను తీసుకుని ఇంగ్లండ్‌లో దిగేసరికి లండన్ మీద జర్మన్ల ఎగిరే బాంబులు పడుతున్నాయి. బ్యాండ్‌ను బెడ్‌ఫర్డ్‌కు మార్చారు. అక్కడి నుంచి ఒక్కో వైమానిక స్థావరానికి వెళ్లి, విమానాల షెడ్లలో నిలబడి వాయించేవాళ్లు. ఎదురుగా కూర్చున్న కుర్రాళ్లలో మర్నాడు జర్మనీ మీదికి వెళ్లి తిరిగి రానివాళ్లూ ఉండేవారు. ఇంటి నుంచి వచ్చే ఉత్తరం తర్వాత సైనికుల మనసుకు అంత బలమిచ్చింది ఈ బ్యాండేనని జనరల్ డూలిటిల్ మెచ్చుకున్నాడు. ఆయన బాంబర్లను పంపించిన సేనాని, పొగడ్తలు పంచడం వృత్తిగా ఉన్న మనిషి కాదు.

అప్పటికి కొద్ది నెలల ముందే పారిస్‌కు జర్మన్ల చెర వదిలింది. అక్కడ సైనికుల కోసం క్రిస్మస్ కచేరీ పెట్టాలనుకున్నారు. ఏర్పాట్లు చూసుకోవడానికి మేజర్ మిల్లర్ బ్యాండ్ కన్నా ముందు బయల్దేరాడు. డిసెంబర్ 15న పొగమంచులో చిన్న ఒంటి ఇంజిన్ విమానం ఎక్కాడు. అది ఇంగ్లిష్ చానెల్ దాటలేదు. ఆ విమానం ఇప్పటికీ దొరకలేదు. మూడు రోజుల తర్వాత బ్యాండ్ వాళ్లు ఫ్రాన్స్‌లో దిగితే ఎదురొస్తాడనుకున్న నాయకుడు లేడు. ఆ వారమే బెల్జియం అడవుల్లో జర్మన్లు పెద్ద ఎదురుదాడి మొదలుపెట్టారు, సైన్యమంతా టెన్షన్‌లో ఉంది. 24న ఆయన కనిపించడం లేదని లోకానికి చెప్పారు. 25న కచేరీ జరిగింది. ఆయన దగ్గర పాటలకు స్వరాలు కూర్చిన జెర్రీ గ్రే ఆ స్థానంలో నిలబడి నడిపించాడు. రేడియోలో అది దూరదూరాలకు వినిపించింది.

ఆ సాయంత్రం వేదిక మీద ఉన్నవాళ్ల మనసులో ఏముందో ఊహించడం కష్టమేమీ కాదు. పెద్దదిక్కు పోయిన ఇంట్లో పెళ్లి ఆగకూడదని వంటకు కూర్చున్నవాళ్లను మనమూ చూశాం. వాళ్లూ ఆ రోజు అలాగే పని చేశారు. ఎదుట ఉన్నవాళ్లకు అది పండగ రోజు, వాళ్లలో చాలామందికి ఇల్లు వదిలాక వచ్చిన రెండోదో మూడోదో క్రిస్మస్.

సైనిక సంగీతకారులంటే వెనక భద్రంగా ఉండి వాయించేవాళ్లని ఒక అపోహ ఉంది. 1941 డిసెంబర్‌లో హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ రేవులో ఉన్న అమెరికా నౌకల బ్యాండ్‌ల మధ్య పోటీలు జరుగుతున్నాయి. యుద్ధనౌక అరిజోనా బ్యాండ్ ఫైనల్‌కు చేరింది. క్రిస్మస్‌కు ఐదు రోజుల ముందు, డిసెంబర్ 20న ఫైనల్. ఆరో తేదీ రాత్రి మిగతా జట్ల పోటీ చూసి వచ్చి పడుకున్నారు. మర్నాడు పొద్దున జెండా ఎగరేసే వేళకు వాద్యాలతో సిద్ధమవుతుండగా జపాన్ విమానాలు వచ్చాయి. వాద్యాలు వదిలి తమకు కేటాయించిన చోటికి, ఫిరంగులకు మందుగుండు అందించే అరలోకి పరుగెత్తారు. నౌక పేలిపోయింది. ఆ బ్యాండ్‌లో 21 మంది, ఒక్కరు కూడా బతకలేదు. బహుమతి వాళ్లకే ఇవ్వాలని మిగతా బ్యాండ్లన్నీ తీర్మానించాయి.

బ్రిటిష్ సైన్యంలోనూ, వాళ్ల పద్ధతిలో పెరిగిన మన సైన్యంలోనూ యుద్ధం వస్తే బ్యాండ్ వాళ్లు గాయపడ్డవాళ్లను మోసే స్ట్రెచర్లు పట్టుకుంటారు. 1982లో అర్జెంటీనాతో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం జరిగిన యుద్ధానికి వెళ్తున్న కాన్‌బెరా ఓడలో దారి పొడవునా సైనికులకు వాయించిన రాయల్ మెరైన్స్ బ్యాండ్, అక్కడికి చేరాక క్షతగాత్రులను దింపి, ఎత్తి, మోసింది. ముందు రోజు తన పాటకు చప్పట్లు కొట్టినవాణ్ణే మర్నాడు స్ట్రెచర్ మీద మోయాల్సి రావడం ఎలాంటిదో ఆ సంగీతకారులకే తెలియాలి.

పండగ పూట పాట చేసే పని ఎంతటిదో తెలియాలంటే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 నాటి ఫ్రాన్స్, బెల్జియం కందకాలకు వెళ్లాలి. క్రిస్మస్ ముందు రాత్రి జర్మన్ సైనికులు కందకాల గట్ల మీద కొవ్వొత్తులు వెలిగించి తమ భాషలో క్రిస్మస్ పాట అందుకున్నారు. అవతలి నుంచి ఆంగ్లేయులు తమ పాటతో బదులిచ్చారు. బెర్లిన్ ఒపెరా గాయకుడు వాల్టర్ కిర్చాఫ్ అప్పుడు సైన్యంలో ఉన్నాడు. ఆ రాత్రి జర్మన్ కందకంలోకి వెళ్లి తమవాళ్ల కోసం పాడుతుంటే, ఎదురుగా ఉన్న ఫ్రెంచ్ సైనికులు గట్టు ఎక్కి చప్పట్లు కొట్టి ఇంకొకటి పాడమన్నారని జర్మన్ యువరాజు తర్వాత రాసుకున్నాడు. చాలాచోట్ల మర్నాడు రెండు పక్షాలవాళ్లూ మధ్యలోని బంజరు నేలలో కలుసుకుని చేతులు కలిపారు, చనిపోయినవాళ్లను పూడ్చుకున్నారు.

మన చరిత్ర పుస్తకాల్లో అంతగా కనిపించని విషయం ఒకటుంది. ఆ రోజు అక్కడ మనవాళ్లూ ఉన్నారు. 39వ గఢ్వాల్ రైఫిల్స్ జవాన్లు ఆ కాల్పుల విరమణలో పాల్గొన్నారు. హిమాలయ పల్లెల నుంచి వచ్చి, పరాయి చలిలో, తమది కాని యుద్ధంలో, తమది కాని పండగ చూశారు. ఆ క్రిస్మస్‌కు బ్రిటన్ రాకుమారి మేరీ పేరుతో సైనికులందరికీ ఇత్తడి పెట్టెలు పంపారు. భారతీయ సైనికుల పెట్టెల్లో పొగాకు ఒక్కటే కాకుండా పటికబెల్లం, మసాలా దినుసులు పెట్టేలా ఏర్పాటు చేశారు. ఎవరి నాలుకకు ఏది ఇల్లులా అనిపిస్తుందో ఆలోచించి పంపారన్నమాట. నాలుకకు చూపిన ఆ శ్రద్ధ చెవికి కూడా చూపాలని మేము అడుగుతున్నాం.

ఎందుకంటే ఇంటిని చెవి కూడా గుర్తుపెట్టుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు తమ రేడియోకు ఉత్తరాలు రాసి మరీ వేయించుకున్న పాటల్లో ఇంటి దగ్గరి మంచు కురిసే క్రిస్మస్‌ను తలుచుకునే 'వైట్ క్రిస్మస్' పాట ఒకటి. అందులో యుద్ధం మాట లేదు, వీరత్వం లేదు. ఉన్నదల్లా ఇంటి బెంగ. బెంగ పెంచే పాట సైనికుణ్ణి నీరసపరుస్తుందని భయపడే అధికారులు ప్రతి కాలంలోనూ ఉంటారు. జరిగింది వేరు. ఆ పాట విని ఏడ్చినవాళ్లే మర్నాడు డ్యూటీకి వెళ్లారు. మూడు దశాబ్దాల తర్వాత, 1975 ఏప్రిల్ 29న, వియత్నాం యుద్ధం చివర్లో సైగాన్ నగరం నుంచి ఖాళీ చేసి వెళ్లే ఘడియ వచ్చిందని తమవాళ్లకు తెలియజేయడానికి అమెరికా సైనిక రేడియో ఎంచుకున్న సంకేతం ఆ క్రిస్మస్ పాటే. మండే ఎండలో మంచు పాట. ఇంటికి వెళ్లిపోదాం అని చెప్పడానికి వాళ్లకు అంతకన్నా తేలిగ్గా తెలిసే గుర్తు లేదు.

ఈ పనికి డబ్బు వృథా అనే వాదన కొత్తది కాదు. సైన్యం బ్యాండ్ల మీద ఏడాదికి 40 కోట్ల డాలర్లకు పైగా పోతోందని 2016లో అమెరికా చట్టసభలో గట్టిగా అడిగారు. అడిగినవాళ్లలో యుద్ధవిమానం నడిపిన మాజీ పైలట్ కూడా ఉన్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. అధికారుల విందుల్లో వెనకాల మెల్లగా మోగే సంగీతానికి ప్రజాధనం ఎందుకు? కానీ ఆ విందుకూ, ఎడారిలో ముప్ఫై మంది కాపలా కాసే స్థావరానికి ఒక గిటారు, ఒక డ్రమ్ము, ఇద్దరు గాయకులు హెలికాప్టర్‌లో వెళ్లడానికీ పోలిక లేదు. కోత పెట్టాల్సి వస్తే మొదటిదానికి పెట్టండి. ఎక్కడైనా లెక్కల కత్తెర పడేది మాత్రం ఎవరూ చూడని రెండోదాని మీదే. మాకు బాధ కలిగించేది అదే.

ఇప్పుడు ప్రతివాడి చేతిలో ఫోన్ ఉంది, వీడియో కాల్‌లో ఇల్లంతా కనిపిస్తుంది, ఇక బ్యాండ్ దేనికి అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే ఫోన్ ఇంటిని ఒక్కడికే చూపిస్తుంది. కాల్ అయిపోయాక అతను మంచం మీద ఒంటరిగా ఉంటాడు, పక్క మంచం మీద ఇంకొకడు అలాగే గోడ వైపు తిరిగి పడుకుని ఉంటాడు. బ్యాండ్ వస్తే ఇద్దరూ లేచి బయటికొస్తారు. అడిగిన పాట పాడించుకుంటారు, గొంతు కలుపుతారు, శ్రుతి తప్పినవాణ్ణి చూసి నవ్వుతారు. వచ్చినవాళ్లు వాళ్ల మెస్‌లోనే తిని వాళ్ల గదుల్లోనే పడుకుంటారు. తమ కోసం ఎవరో పండగ మానుకుని ఇంత దూరం వచ్చారన్న సంగతి జవానుకు తెలుస్తుంది. ఫోన్ ఇవ్వలేనిది అది.

మన దేశం సంగతికి వద్దాం. ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకు ఎక్కువమందిని పంపే దేశాల్లో భారత్ ఎప్పుడూ ముందు వరుసలో ఉంది. దక్షిణ సూడాన్ చిత్తడి నేలల్లో, లెబనాన్‌లో, కాంగోలో, గోలాన్ కొండల్లో మనవాళ్లు నీలి టోపీలు పెట్టుకుని కాపలా కాశారు, కాస్తున్నారు. ఇంతవరకూ వెళ్లినవాళ్లలో సుమారు 180 మంది అక్కడే ప్రాణాలు వదిలారు. దీపావళికి, దసరాకు అక్కడ కూడా బడాఖానా ఉంటుంది. అధికారులూ జవాన్లూ ఒకే పంక్తిలో కూర్చుని తింటారు. యూనిట్ మందిరంలో ఢోలక్ పెట్టుకుని భజన చేసుకుంటారు. ఎవరూ పంపకపోయినా మన జవాను తన పండగ తాను చేసుకుంటాడు. అతను చేసుకుంటున్నాడు కదా అని మనం ఊరుకోవచ్చా?

మనకు సంగీతకారులు లేక కాదు. జనరల్ కరియప్ప చొరవతో మొదలైన పచ్‌మఢీ సైనిక సంగీత విభాగంలో దశాబ్దాలుగా శిక్షణ ఇస్తున్నారు. 2023 జులై 14న పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ దినోత్సవ కవాతులో రాజ్‌పుతానా రైఫిల్స్ బ్యాండ్ నడిచినప్పుడు మనమంతా గర్వపడ్డాం. పరాయి దేశపు వేడుకకు బ్యాండ్‌ను పంపే సత్తా ఉన్నప్పుడు, ప్రతి దీపావళికీ ప్రతి సంక్రాంతికీ విదేశాల్లోని మన బెటాలియన్ల దగ్గరికి ఐదారుగురు సంగీతకారుల చొప్పున పంపడం రక్షణ శాఖకు మోయలేని భారమేమీ కాదు. దీన్ని ఎవరో ఒక కమాండర్ మంచితనానికి వదిలేయకుండా ఏటా జరిగే ఏర్పాటుగా రాసిపెట్టాలని కోరుతున్నాం.

యూనిఫాంలో ఉన్న సంగీతం విలువ మనకు ఒకప్పుడు బాగా తెలుసు. ఆజాద్ హింద్ ఫౌజ్ ఆగ్నేయాసియాలో ఉండగా గూర్ఖా సైనికుడు రామ్‌సింగ్ ఠాకూర్‌ను పిలిచి పాటలకు బాణీలు కట్టమన్నది నేతాజీయే. ఆయనకు వయొలిన్ బహుమతిగా ఇచ్చిందీ నేతాజీయే. ఆ ఫౌజ్ పాడుకున్న జాతీయ గీతానికి హిందుస్తానీ మాటలు సమకూర్చినవారిలో మన హైదరాబాదీ ఆబిద్ హసన్ ఉన్నారు. చేతిలో సరిపడా ఆయుధాలు లేని సైన్యం కూడా పాట లేకుండా కదలలేదు.

ఇక మన తెలుగువాళ్ల మాట. పశ్చిమ గోదావరిలో ఒక ఊరికి మిలిటరీ మాధవరం అనే పేరే స్థిరపడింది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆ ఊరి మగవాళ్లు సముద్రాలు దాటి వెళ్లారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో, ఇటు తెలంగాణ జిల్లాల్లో కొడుకు మిలిటరీలో ఉన్న ఇళ్లు ఎన్నో. బెటాలియన్‌లో హిందీ పాటలు అందరికీ వస్తాయి, అందరూ పాడతారు. కానీ శ్రీకాకుళం కుర్రాడికి తప్పెటగుళ్ల దరువు, గుంటూరు పల్లె క్రైస్తవ యువకుడికి డిసెంబర్ రాత్రి ఇంటింటికీ తిరిగి పాడిన క్యారల్, వరంగల్ అబ్బాయికి అక్క పాడిన బతుకమ్మ పాట హిందీలో దొరకవు. సంక్రాంతి పొద్దున్నే వీధిలో హరిదాసు గజ్జెల చప్పుడు, గంగిరెద్దు ముందు సన్నాయి విని పెరిగినవాడికి ఆ సన్నాయి ఒక్క నిమిషం వినిపించినా చాలు.

పంపే బృందాల్లో దక్షిణాది భాషలు పాడగలిగినవాళ్లు ఉండేలా సైన్యం చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల సైనిక సంక్షేమ, సాంస్కృతిక శాఖలు కూడా చేయి కలపాలి. పల్లె కళాకారుల దగ్గర పాటలు రికార్డు చేసి ఆ సంగీతకారులకు ముందే అందిస్తే వాళ్లు నేర్చుకుని వెళ్తారు. ఏ పాటలు కావాలో హైదరాబాద్‌లోనో అమరావతిలోనో కూర్చుని తేల్చవద్దు. విదేశాల్లో ఉన్న ప్రతి తెలుగు జవాను ఇంటికి ఒక ఉత్తరం రాసి, పండగ పూట మీ ఇంట్లో ఏం పాడుకుంటారో చెప్పండి అని అడగండి.