గ్రీన్ కాంట్రాక్టర్ లైసెన్సు అనేదే లేదు, ఎవరికీ డబ్బు కట్టకండి

"గ్రీన్ బిల్డింగ్ టెండర్ల గుట్టు" అనే మెసేజి నెల్లూరు, కావలి, ఒంగోలు గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. నాకు పంపినవాళ్లలో చాలామంది టెండర్లు వేసేవాళ్లే, అదే ఎక్కువ మంట. గ్రీన్ కాంట్రాక్టర్ లైసెన్సు లేనిదే టెండరు వేయనివ్వరట, ఫీజు కడితే ఒక ఏజెంటు ఇప్పిస్తాడట. అధికారి అనుకున్నవాడికే పని ఇస్తారట. తక్కువకు వేసినవాడికే ఇస్తారు కాబట్టి గ్రీన్ అంతా పేరుకేనట. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు వానకు కరిగిపోతాయట. ఎలాగూ మన జిల్లావాళ్లకు ఈ పనులు రావట.

ఇటుకలు కరగవు. నాసిరకమైతే ఏ ఇటుకైనా పాడవుతుంది, టెస్ట్ రిపోర్టు అడగండి.

లైసెన్సు మాట మాత్రం వదలను. ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని ఇచ్చినా, 'గృహ' అనే మరో రేటింగు పద్ధతిలో స్టార్లు ఇచ్చినా ఆ రేటింగు భవనానికే, కట్టినవాడికి కాదు. ఐజీబీసీ ఏపీ (అక్రెడిటెడ్ ప్రొఫెషనల్) అని ఒక పరీక్ష ఉంది, అది మనుషులు రాసి పాసయ్యేది. టెండరులో అలాంటి మనిషి టీములో ఉండాలని అడిగితే పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో కాంట్రాక్టరుకు కావలసింది క్లాసు రిజిస్ట్రేషను (ఎంత విలువ పనుల వరకు చేయొచ్చో చెప్పే నమోదు), టర్నోవరు, చేసిన పనుల సర్టిఫికెట్లు, బిడ్ కెపాసిటీ (ఇంకెంత పని చేయగలరన్న లెక్క). ఆ కెపాసిటీ తేల్చే 2ఏఎన్ మైనస్ బి లెక్క మీ అందరికీ నోటికి వచ్చు కదా, అందులో గ్రీన్ లైసెన్సుకు చోటెక్కడుందో ఎవరైనా చూపించండి! కొత్తగా రిజిస్ట్రేషను తెచ్చుకున్న కుర్రాడు ఇది నమ్మి వడ్డీకి తెచ్చి కడితే, ఆ డబ్బు ఫార్వర్డ్ చేసినవాళ్లు తిరిగిస్తారా?

అధికారి ఇష్టమంటారా, అర్హతలు చూసే టెక్నికల్ బిడ్‌లో ఎవరిని ఎందుకు తీసేశారో రాసి పెట్టాలి, మిగిలినవాళ్ల ప్రైస్ బిడ్లే తెరుస్తారు. తీసేసిన కారణం తప్పనిపిస్తే రాతపూర్వకంగా అడగండి.

ఎల్‌వన్‌కే, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాడికే, ఎక్కువగా ఇస్తారన్నది నిజం. కానీ అద్దం ఎంత వేడిని లోపలికి రానివ్వాలి, రంగు ఏ రకం, చెత్త ఎలా వేరుచేయాలి అన్నవి స్పెసిఫికేషన్లలోనే ఉంటే అందరూ వాటికే రేటు వేయాలి, రేటింగుకు బిల్లులూ టెస్ట్ సర్టిఫికెట్లూ చూపాలి. పైగా నాణ్యత ముఖ్యమని ముందే ప్రకటించిన కేంద్ర ప్రభుత్వ పనుల్లో నాణ్యతకు 30 శాతం వరకు మార్కులు ఇవ్వొచ్చని కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులోనే చెప్పింది.

మన జిల్లావాళ్లకు ఈ పనులు రావన్న చివరి మాట మాత్రం చాలావరకు నిజం, ఒప్పుకుంటున్నాను. 2002 నాటి కేంద్ర విజిలెన్స్ కమిషన్ మార్గదర్శకాల ప్రకారం కేంద్ర ప్రభుత్వ సంస్థల టెండర్లకు గత ఏడేళ్లలో అంచనా విలువలో 80 శాతం విలువైన అదే తరహా పని ఒకటో, 50 శాతంవి రెండో, 40 శాతంవి మూడో చేసి ఉండాలి. పది కోట్ల పనికి ఎనిమిది కోట్లది చూపడమే మనలో చాలామందికి కష్టం. ఇక "అదే తరహా పని" అంటే రేటింగు వచ్చిన భవనమే అని రాస్తే మనం గేటు దగ్గరే ఆగిపోతాం. ఆ ముక్క రాసేది టెండరు పిలిచే శాఖే. కాబట్టి ఏజెంటు చుట్టూ తిరగడం మానేసి టెండరు వేసేముందు సందేహాలు అడిగే ప్రీబిడ్ మీటింగుకు వెళ్లండి, మామూలు బహుళ అంతస్తుల భవనం అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకోమని గడువులోపు కాగితం మీద అడగండి. ఒక్కరు కాదు, పదిమంది అడగండి.