సవరణ: రెండు ‘ఆల్బమ్’ స్లిప్పర్ ఆర్కిడ్లను కలిపితే వచ్చే రంగు

స్లిప్పర్ ఆర్కిడ్ల గురించి ఇంతకుముందు రాసినదాంట్లో ఒక వాక్యం తప్పు. ఎరుపు, ఊదా ఛాయలు లేని ‘ఆల్బమ్’ పాఫియోపెడిలమ్ (స్లిప్పర్ ఆర్కిడ్లలో ఒక ప్రజాతి) మొక్కలు రెండింటిని సంకరపరిస్తే సంతానమంతా ఆకుపచ్చ-తెలుపు పూలే పూస్తుందని రాశాను. అన్నిసార్లూ అలా జరగదు.

ఆ ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ అనే వర్ణకం తయారీలో చాలా మెట్లున్నాయి, వాటిని నడిపే జన్యువులు వేరువేరు. తల్లిలోనూ తండ్రిలోనూ ఒకే జన్యువు చెడి ఉంటే రంగు రాదు. వేరువేరు జన్యువులు చెడి ఉంటే మాత్రం ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది, పూలకు ఎరుపు తిరిగొస్తుంది. 1900లో నమోదైన మాడియే సంకరంలో (కాలోసమ్, లారెన్సియానమ్ జాతుల కలయిక) ఆకుపచ్చ రకం దక్కిందంటే ఆ ఆల్బమ్ జంట సరిగ్గా కుదిరింది కాబట్టే.

పూత దాకా ఏళ్ల తరబడి ఆగనక్కరలేదు. మాడియే తరహా మొలకల్లో ఆకు మొదలును మెల్లగా పక్కకు వంచి చూడండి. అక్కడ ఊదా చుక్కలు కనిపిస్తే పువ్వుకూ రంగు ఉంటుంది. మచ్చలేని లేత ఆకుపచ్చ అయితే ఆల్బమ్ అని ఆశపడవచ్చు.

నా మాట నమ్మి పుప్పొడి అద్దినవారు నన్ను మన్నించాలి. రంగు వచ్చిన మొక్కలను దయచేసి పారేయకండి. వాటిని తమలో తాము సంకరపరిస్తే, చెడినవి రెండు వేరువేరు జన్యువులైతే, సుమారు 16కి 7 వంతున ఆల్బమ్‌లు మళ్లీ వస్తాయి.