కొత్త పార్టీకి గుర్తేదీ?

మన దేశంలో పార్టీ పెట్టడం కష్టమేమీ కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ కింద, పార్టీ ఏర్పడిన 30 రోజుల్లోగా ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేయాలి. రూ.10,000 డీడీ, నియమావళి, ఓటర్లయిన కనీసం 100 మంది సభ్యుల అఫిడవిట్లు జతచేయాలి. పత్రికల్లో ప్రకటన ఇచ్చాక అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు. అసలు పరీక్ష పేరు నమోదయ్యాకే మొదలవుతుంది. కొత్త పార్టీలకు అన్యాయం జరిగేది కూడా అక్కడేనని మా అభిప్రాయం.

నామినేషన్‌నే చూడండి. నిర్ణీత ఓట్లు, సీట్లు తెచ్చుకుని ఎన్నికల సంఘం గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. గుర్తింపు లేని పార్టీ అభ్యర్థికి అదే నియోజకవర్గం నుంచి పదిమంది కావాలి. పదిమందికీ ఓటరు జాబితాలోని భాగం సంఖ్య, వరుస సంఖ్య సరిపోవాలి. పరిశీలనలో ఒకరి ఓటు పక్క నియోజకవర్గంలో ఉందని తేలితే మిగిలేది తొమ్మిదిమందే, నామినేషన్ చెల్లదు. వేలిముద్ర వేసేవారుంటే అధికారి ఎదుటే వేయాలి. ఇక అభ్యర్థి తమవారేనని పార్టీ ఇచ్చే ఫారం ఏ, బి నామినేషన్ల చివరిరోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు చేరాలి. వాటి మీద సిరాతో చేసిన అసలు సంతకమే ఉండాలి, జిరాక్స్ పనికిరాదు. అభ్యర్థి నాలుగు సెట్లు వేయవచ్చు కాబట్టి, ఒక్కో సెట్టుకు వేర్వేరు పదిమందిని పెట్టుకోవడమే కొత్తవారికి క్షేమం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు గుర్తుదే. గుర్తింపు లేని పార్టీకి ఉమ్మడి గుర్తు, అంటే తన అభ్యర్థులందరికీ ఒకే గుర్తు కావాలంటే మొత్తం అసెంబ్లీ స్థానాల్లో కనీసం 5 శాతం పోటీ చేయాలి. అంటే ఏపీలోని 175లో తొమ్మిది, తెలంగాణలోని 119లో ఆరు. సభ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తులు తీసుకుంటారు, ముందొచ్చినవారికే ముందు.

జనసేన అనుభవం మన కళ్ల ముందుదే. 2014లో పుట్టిన ఆ పార్టీకి 2019లో దక్కింది రాజోలు ఒక్కటే. గుర్తింపుకు కావలసిన 6 శాతం ఓట్లు, రెండు స్థానాలన్న కొలతకు అందకపోవడంతో గాజు గ్లాసు అందరికీ దొరికే గుర్తుల జాబితాలోనే ఉండిపోయింది. 2024లో ఆ పార్టీ పోటీలో లేని కొన్నిచోట్ల స్వతంత్రులకు అదే గుర్తు దక్కింది. పొత్తు ధర్మం పాటించి సైకిల్‌కో కమలానికో ఓటేద్దామని వెళ్లిన కార్యకర్తకు ఈవీఎం మీద తన గ్లాసే, ఎవరో తెలియని పేరు పక్కన కనిపించింది! వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లినా ఊరట కొన్ని నియోజకవర్గాలకే పరిమితమైంది. పోటీ చేసిన 21 అసెంబ్లీ, 2 లోక్‌సభ స్థానాలూ గెలిచాకే, 2025 జనవరిలో గ్లాసు ఆ పార్టీకి ఖాయమైంది. అంత జనాదరణ ఉన్న నాయకుడి పార్టీకే ఇన్నేళ్లు పడితే, రైతులో విద్యార్థులో కూడి పెట్టుకున్న చిన్న పార్టీ గతేమిటి?

కాగితాల మీదే బతికే పార్టీలను ఏరివేయాల్సిందే. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ నిలబడని పార్టీలను ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో 474 తొలగించింది. దాన్ని మేం స్వాగతిస్తున్నాం. విరాళాల మీద పన్ను మినహాయింపు కోసమే పుట్టే పార్టీల వల్ల నిజంగా జనంలోకి వెళ్లేవాటికీ చెడ్డపేరు వస్తోంది.

అయితే ఏరివేతతో పాటు ఆసరా కూడా ఉండాలి. 5 శాతం స్థానాల్లో పోటీచేసి 3 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి, వచ్చే ఎన్నిక ముగిసేదాకా రాష్ట్రమంతటా అదే గుర్తును అట్టిపెట్టాలి. 1968 నాటి గుర్తుల ఉత్తర్వు ఎన్నికల సంఘం తానే జారీ చేసినది, సవరణకు పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. పదిమంది ప్రతిపాదకుల నిబంధన మాత్రం చట్టంలోని 33వ సెక్షన్‌లో ఉంది, దాన్ని పార్లమెంటే మార్చాలి. తెలంగాణ శాసనసభ ఎన్నికలు 2028 చివర్లో, ఏపీవి 2029లో రావాలి. గుర్తుల దరఖాస్తులు మొదలయ్యేలోపే గుర్తుల ఉత్తర్వు సవరణైనా పూర్తిచేయాలి.