వారానికి 120 డాలర్లు, దెయ్యాలు అదనం

దెయ్యాల గేమ్స్ ఆడే కుర్రాళ్ల మీద మన పెద్దవాళ్లకున్న చిన్నచూపు చూస్తే మనసు కలుక్కుమంటుంది. అర్ధరాత్రి లైట్లన్నీ ఆర్పేసి, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, మధ్యమధ్యలో కెవ్వుమంటూ ఒంటరిగా కూర్చున్న పిల్లాణ్ణి చూసి "వీడెందుకూ పనికిరాడు" అని తీర్మానించేస్తున్నారు. ఎంత అన్యాయం! వాడు ఉద్యోగానికి తయారవుతున్నాడు మహాప్రభో. ఇంజనీరింగ్ కాలేజీ నాలుగేళ్లలో నేర్పలేనిది, ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు మెడకు టై బిగించి కూడా ఎక్కించలేనిది, సొంత డబ్బుతో, సొంత కరెంటుతో నేర్చుకుంటున్నాడు. ఈ సంగతి ప్రభుత్వం దృష్టికి, అంతకంటే ముందు తల్లిదండ్రుల దృష్టికి తేవడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముందుగా 2014లో వచ్చిన 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' సంగతి. స్కాట్ కాథన్ అనే అమెరికన్ ఒక్కడే కూర్చుని చేసిన గేమ్ ఇది. అంతకుముందు అతను పిల్లల కోసం ఒక గేమ్ చేస్తే, అందులో బొమ్మలు మరబొమ్మల్లా భయంకరంగా ఉన్నాయని చూసినవాళ్లు ఏకేశారు. మన దగ్గరైతే ప్రెస్ మీట్ పెట్టి, తనమీద కుట్ర జరుగుతోందని కళ్లు తుడుచుకునేవాళ్లు. అతను మాత్రం, మీ భయమే నా భుక్తి అనుకుని నిజంగానే మరబొమ్మల దెయ్యాలు తయారు చేశాడు. తర్వాత కథ తెలిసిందే, 2023లో అది సినిమా కూడా అయింది.

గేమ్‌లో మీరు ఒక పిజ్జా షాపుకి రాత్రి వాచ్‌మన్. అర్ధరాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా డ్యూటీ. కుర్చీలోంచి లేవడానికి లేదు. రెండు తలుపులు, రెండు లైట్లు, కొన్ని కెమెరాలు. పగలు పిల్లల్ని ఆడించే ఎలుగుబంటి, కుందేలు, కోడి, నక్క బొమ్మలు రాత్రయ్యాక షాపంతా తిరుగుతూ మీ గది వైపు వస్తుంటాయి. తలుపు మూస్తే కరెంటు ఖర్చు, లైటు వేస్తే ఖర్చు, కెమెరా చూసినా ఖర్చు. అసలేమీ చేయకుండా బిగుసుకుని కూర్చున్నా ఖర్చే. ఎలా పనిచేయాలో మీకు ముందున్న ఉద్యోగి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టిన మాటలు రోజూ వినిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) అంటారు. నాలుగో రాత్రి కేటీ నడుస్తుండగా అతని తలుపు మీద దబదబా బాదుడు. అయిదో రాత్రి ఫోన్‌లో అర్థంకాని గరగర తప్ప ఏమీ ఉండదు. కేటీ ఇచ్చేవాడు సగంలో పేపర్లు పెట్టేసి మాయమైతే మిగతాది సొంతంగా అర్థం చేసుకున్న లక్షలాది మంది ఇంజనీర్లకు ఇది చదివితే కన్ను చెమరుస్తుంది.

అయిదు రాత్రులు బతికి బయటపడితే చేతికి చెక్కు వస్తుంది. 120 డాలర్లు. ఆరో రాత్రి కూడా పనిచేస్తే ఓవర్‌టైం కలిపి 120 డాలర్ల 50 సెంట్లు. ఏడో రాత్రి కూడా వచ్చినవాడికి ఉద్యోగం తీసేసినట్టు ఉత్తరం ఇస్తారు. కారణాలు కూడా రాస్తారు: బొమ్మలను కెలికినందుకు, వృత్తి మర్యాద పాటించనందుకు, ఒంటి వాసనకు. కుర్చీలోంచి లేవనివ్వకుండా వారంపాటు కూర్చోబెట్టి, కంపు కొడుతున్నావని తీసేయడం! ఈ ఉత్తరం రాసినవాడు కచ్చితంగా ఏదో ఒక హెచ్ఆర్ విభాగంలో పనిచేసి ఉంటాడు.

మా అక్క కొడుకు మా ఇంట్లోనే ఉంటూ గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేస్తాడు. తెల్లవారుజామున మూడింటికి క్యాబ్ దిగి, స్నానం చేసి, పెరుగన్నం తిని, పడుకోకుండా ఈ వాచ్‌మన్ డ్యూటీ ఎక్కుతాడు. ఒక రాత్రి వాడు పెట్టిన కేకకి మా అమ్మ లేచి వచ్చింది.

"ఏమైందిరా నాన్నా?"

"ఏం లేదమ్మమ్మా, ఎలుగుబంటి వచ్చింది."

"ఎక్కడికి?"

"ఆఫీసుకి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వాడి పక్కన కూర్చుంది. స్క్రీన్ మీద ఇరుకు గది, బల్ల మీద గిర్రున తిరిగే ఫ్యాను, చిత్తుకాగితాలు, గోడకి పిల్లలు గీసిన బొమ్మలు. కాసేపు చూసి "ఏసీ అన్నా పెట్టించలేదేం?" అంది. తర్వాత అసలు ప్రశ్న వేసింది.

"జీతమెంత?"

"వారానికి 120 డాలర్లు."

మా అమ్మ రిటైర్డ్ లెక్కల టీచరు. నోటితోనే కట్టేసింది. వారానికి పదివేలు, నెలకి నలభై.

"నీకంటే నయమే కదరా," అని వెళ్లి పడుకుంది. ఎలుగుబంటి మాట మళ్లీ ఎత్తలేదు.

2023లో వచ్చిన 'లీథల్ కంపెనీ' ఇంకో మెట్టు పైన ఉంటుంది. అంతరిక్షంలో పాడుబడ్డ చోట్ల దిగి, చీకటి గోడౌన్లలో తుక్కు ఏరుకొచ్చి కంపెనీకి అప్పజెప్పాలి. మూడు రోజుల గడువు, మొదటి టార్గెట్ 130. అందుకున్నారా, శభాష్, తర్వాతి టార్గెట్ పెరుగుతుంది. అందుకోలేదా, ఓడ తలుపు తెరిచి మిమ్మల్ని శూన్యంలోకి వదిలేస్తారు. ఎగ్జిట్ ఇంటర్వ్యూ గొడవ లేదు. రిలీవింగ్ లెటర్ కోసం ఆర్నెల్లు తిరిగే పనీ లేదు.

దీన్ని నలుగురు కలిసి ఆడతారు. ఒకడు అమీర్‌పేట హాస్టల్లో, ఒకడు విజయవాడలో, ఇద్దరు డల్లాస్‌లో. గొంతు దూరాన్ని బట్టి వినిపిస్తుంది: పక్కనుంటే గట్టిగా, నడవా చివరికి పోతే సన్నగా. "ఒరేయ్, ఇక్కడ పెద్ద ఇంజన్ దొరికిందిరా, తెస్తున్నా, కాస్త లైటు..." అంటున్న గొంతు మాట మధ్యలో పుటుక్కున తెగిపోతుంది. కేక కూడా ఉండదు. మిగతా ముగ్గురూ చీకట్లో బిక్కచచ్చి నిలబడతారు. కాసేపటికి ఒకడు మెల్లిగా అడుగుతాడు: "ఇంజన్ అక్కడే ఉందంటావా?" టీమ్ బిల్డింగ్ పేరుతో ఉద్యోగుల్ని బస్సులెక్కించి రిసార్టులకు తీసుకెళ్లి తాడు లాగించే కంపెనీలు ఆ ఖర్చు మానుకోవచ్చు.

మేనేజ్‌మెంట్ గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు 2014 నాటి 'ఏలియన్: ఐసోలేషన్' ఆడాలి. కుప్పకూలుతున్న ఒక అంతరిక్ష కేంద్రం, అమాండా రిప్లీ అనే ఇంజనీరు, ఆమె వెంటపడే ఏలియన్. తుపాకీకి చావదు. బీరువాలో దూరి ఊపిరి బిగబట్టడమే. దీని వెనకున్న ఏర్పాటు వింటే ముచ్చటేస్తుంది. లోపల రెండు బుర్రలు పనిచేస్తుంటాయి. పైనున్నదానికి మీరెక్కడున్నారో ఎప్పుడూ తెలుసు. కిందున్న ఏలియన్‌కి తెలియదు. పైది కిందదానికి "అటువైపు ఓసారి చూడు" అని సైగ చేస్తుంది తప్ప ఏ బీరువాలో ఉన్నారో చెప్పదు. మిగతాది ఏలియన్ కళ్లతో, చెవులతో తనే వెతుక్కోవాలి. వైస్ ప్రెసిడెంటుకీ టీమ్ లీడుకీ ఉన్న సంబంధాన్ని ఇంత శాస్త్రీయంగా ఎవరూ వివరించలేదు. పైగా, గేమ్ ఆడే కన్సోల్‌కి కెమెరా మైకు తగిలించి ఉంటే ఏలియన్ మీ గదిలో చప్పుడు కూడా వినేలా పెట్టుకోవచ్చు. వంటింట్లో కుక్కర్ కూత వేసిందంటే అంతరిక్షంలో మీరు దొరికిపోయినట్టే. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసినవాళ్లకి ఈ అనుభవం ఉంది.

ఒక తేడా లేకపోలేదు. మీరు మరీ బెదిరిపోయారని లెక్క తేలితే, కాస్త గాలి పీల్చుకోనిమ్మని పైబుర్ర ఏలియన్‌ని వెనక్కి పంపేస్తుంది. ఈ ఒక్కచోట గేమ్ వాస్తవానికి దూరమైంది.

పాత గేముల్లోనూ సిలబస్ బలంగానే ఉంది. 1996లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన 'రెసిడెంట్ ఈవిల్'లో ఆట సేవ్ చేసుకోవాలంటే టైప్‌రైటర్‌లో ఇంకు రిబ్బన్ పెట్టాలి. రిబ్బన్లు లెక్కగా దొరుకుతాయి. సామాను పట్టుకెళ్లడానికి ఆటలోని ఇద్దరు ముఖ్యపాత్రల్లో క్రిస్‌కి ఆరు గళ్లు, జిల్‌కి ఎనిమిది, అందులో రిబ్బన్ ఒక గడి తినేస్తుంది. ముందుముందు అవసరమొస్తుందని వాడకుండా దాచుకుంటాం. ఈలోపు కుక్కలు కిటికీ అద్దాలు బద్దలు కొట్టుకుని మీద పడితే చచ్చి, గంటసేపు ఆడిందంతా మళ్లీ మొదలు. తీరా గేమ్ పూర్తయ్యాక చూస్తే పెట్టెలో రిబ్బన్లు మిగిలే ఉంటాయి. జ్వరమొచ్చినా సీఎల్ పెట్టకుండా దాచి, డిసెంబరు 31న అవి లాప్స్ అయిపోతుంటే చూస్తూ కూర్చునే గుమాస్తా బుద్ధిని జపాన్ వాళ్లు అంత ముందే పసిగట్టారు.

అప్రైజల్ మీటింగుకి స్వీడన్ వాళ్ల 'ఆమ్నీషియా' (2010) ఉంది. చేతిలో ఆయుధం ఉండదు. రాక్షసుడు గదిలోకి వస్తే వాడివైపు చూడకూడదు, చూస్తే మతి చలిస్తుంది. చీకట్లో నక్కుదామంటే చీకట్లో ఎక్కువసేపున్నా మతి చలిస్తుంది. లాంతరు వెలిగిస్తే నూనె అయిపోతుంది, పైగా వాడికి కనబడతాం. గోడవైపు తిరిగి, మూల నిలబడి, అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఓర్చుకోవడమే మార్గం. రేటింగ్ ఎంతిచ్చారని మాత్రం అడగకూడదు. ఇక 2013 నాటి 'ఔట్‌లాస్ట్'లో హీరో నా తోటి పాత్రికేయుడు. ఎవరో పంపిన మెయిల్ పట్టుకుని, ఒక్క వీడియో కెమెరాతో పిచ్చాసుపత్రిలోకి వెళ్తాడు. వెనక కత్తి పట్టుకున్నవాడు వస్తున్నా బ్యాటరీలు ఏరుకుంటూ వీడియో తీస్తూనే ఉంటాడు. యూట్యూబ్ ఛానెళ్లలో పనిచేసే కుర్రాళ్లు దీన్ని హారర్ కింద లెక్కగట్టరు.

1999లో వచ్చిన 'సైలెంట్ హిల్' దగ్గర కాసేపు ఆగాలి. ఊరంతా పొగమంచు. అప్పటి ప్లేస్టేషన్‌కి ఊరు మొత్తం ఒకేసారి చూపించే స్తోమత లేదు. అందుకని దూరాన్నంతా పొగమంచుతో కప్పేశారు. పది అడుగుల అవతల ఏముందోనని మనం వణికిపోతాం, అక్కడ ఏమీ ఉండదు. లేమిని కప్పిపెట్టుకోవడానికి చేసిన ఏర్పాటునే జనం కళ అని నెత్తిన పెట్టుకున్నారు. (ఊరికి నలభై కిలోమీటర్ల అవతల తుప్పల మధ్య కట్టిన ఆర్చి చూసి ప్లాటు కొన్నవాళ్లకి ఈ టెక్నిక్ పరిచయమే. మన వెంచర్ల వాళ్ల కళకే గుర్తింపు లేదు.)

అందులో హీరో హ్యారీ మేసన్ పోలీసూ కాదు, సైనికుడూ కాదు. తప్పిపోయిన కూతుర్ని వెతుక్కునే మామూలు తండ్రి. గురి అంతంతమాత్రం, కాస్త పరిగెత్తితే ఆయాసం. అతని దగ్గర ఒక చిన్న రేడియో ఉంటుంది. రాక్షసులు దగ్గరికొస్తే గరగరమంటుంది.

ఈ రేడియో కోసమే మా వాడు తెల్లవారుజామున నిద్ర మానుకుని కూర్చుంటాడని నా అనుమానం. గేమ్‌లో పీడ చెప్పి వస్తుంది. అడుగుల చప్పుడుంటుంది, సంగీతం మారుతుంది, ఎంత ఘోరమైన రాత్రికైనా 6 గంటలకి గంట కొడతారు. ఆఫీసులో లేఆఫ్ వచ్చే రోజు పొద్దున క్యాంటీన్‌లో ఇడ్లీ మామూలుగానే ఉంటుంది. సాంబారు కూడా మామూలే. పదింటికి ల్యాప్‌టాప్ లాగిన్ అవదు, అంతే.

శాస్త్రవేత్తలూ దీనికి దగ్గరగానే వచ్చారు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ యూనివర్సిటీ పరిశోధకులు 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి ఒక దెయ్యాల కొంపలోకి పంపి, ఫలితాలు 2020లో ప్రకటించారు. భయం బొత్తిగా తక్కువైతే ఆనందం లేదు, మరీ ఎక్కువైనా లేదు, మధ్యలో ఎక్కడో ఉంది. గ్రాఫు గీస్తే తిరగేసిన యూ ఆకారం. మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ గ్రాఫుకి ఎడమ కొస ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చోవడం, కుడి కొస రిలీజ్ ముందు రాత్రి. మధ్యభాగం మీద ఇంకా పరిశోధన జరగాలి.

కాబట్టి ఈ గేములు ఆడిన గంటల్ని ఉద్యోగానుభవంగా గుర్తిస్తూ తక్షణం జీవో ఇవ్వాలి. హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్లల వెనకనుంచి చప్పుడు చేయకుండా వచ్చి భుజం మీద చెయ్యివేసి "పాలు తాగుతావా?" అని అడగడాన్ని నేరంగా పరిగణించాలి.

చివరగా స్థానికత సమస్య. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. నేను పైన చెప్పిన గేముల్లో ఒక్క తెలుగు దెయ్యానికైనా ఉద్యోగముందా? మన కొరివి దెయ్యం తన నిప్పు తనే తెచ్చుకుంటుంది, లాంతరు నూనె ఖర్చు కూడా ఉండదు. నిజమే, మన దెయ్యాల్లో లోపాలున్నాయి. మాట్లాడటం ఎక్కువ. తనని ఎవరు చంపారో, ఎందుకు చంపారో, రావలసిన పొలంలో వాటా ఎంతో మొత్తం చెప్పుకుంటే తప్ప పీక పట్టుకోవు. పైగా ఆంజనేయ దండకం ఎత్తుకుంటే చాలు, పరారు. కంట్రోలర్ మీద ఆ బటన్ ఒక్కటుంటే గేమ్ నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, కొన్నవాళ్లు డబ్బు వాపస్ అడుగుతారు. దండకాన్ని కూడా ఇంకు రిబ్బన్లలా రేషన్ పెట్టి, మంగళ, శనివారాల్లో మాత్రమే పనిచేసేలా చూడాలి.

మొదటి నియామకం బ్రహ్మరాక్షసుడికి ఇవ్వాలని నా సిఫార్సు. బాగా చదువుకున్నవాడు. అడ్డమైన ప్రశ్నలడిగి, జవాబు చెప్పలేనివాణ్ణి మింగేసిన అనుభవం ఉంది కాబట్టి నేరుగా ఇంటర్వ్యూ ప్యానెల్‌లో వేసుకోవచ్చు. ప్రాజెక్టు దొరకడం ఆలస్యమైనా నొచ్చుకోడు. మర్రిచెట్టు మీద కొన్ని వందల ఏళ్లుగా బెంచ్ మీదే ఉన్నాడు.