సవరణ: ‘దేహం’ పుట్టింది ‘దహ్’ నుంచి కాదు

చెన్నై తెలుగు మిత్రుల కోసం పెట్టిన మొన్నటి పోస్టులో ‘దహింపబడేది కనుక దేహం’ అని ఉంది. దయచేసి ఆ వాక్యం కొట్టేసి చదవండి. ‘దహ్’ (కాల్చడం) అనే సంస్కృత ధాతువుకు, అంటే క్రియామూలానికి, నామవాచకాన్ని చేసే ‘ఘఞ్’ ప్రత్యయం చేరితే అకారానికి వృద్ధి వచ్చి (అంటే అ, ఆ అయి) ‘దాహం’ అవుతుంది. అక్కడ ఏకారానికి దారే లేదు. ‘దిహ్’ ధాతువులోని ఇకారానికి గుణం వస్తేనే (అంటే ఇ, ఏ అయితేనే) ‘దేహం’. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం ‘దిహ్’కు చెప్పిన అర్థం ఉపచయం, అంటే పెరగడం, పోగవడం. ‘సందేహం’ కూడా ఈ ధాతువుదే. నశించడం అనే భావం ‘శరీరం’లో ఉంది: ‘శౄ’ ధాతువు, శీర్యతే (శిథిలమవుతుంది). ఎంత చక్కని జంట!

‘ఒళ్ళు’ మాత్రం అచ్చతెలుగు. పాత రూపం ‘ఒడలు’. ఇక్కడ రోజూ వినే తమిళ ‘ఉడల్’ దానికి తోబుట్టువు. కన్నడ ‘ఒడలు’కు కడుపు అనే అర్థం కూడా ఉంది.