తాళం చెవి ఎవరి దగ్గరుంది?

దసరా పది రోజుల్లో ఒకసారి విజయవాడ భవానీపురంలోనో విద్యాధరపురంలోనో ఏదో ఒక అపార్ట్‌మెంట్‌లోకి వెళ్లి చూడండి. సెల్లార్‌లో టీజీ, కేఏ నంబర్ల కార్లు, లిఫ్టు ముందు సూట్‌కేసులు, మెట్ల మీద ఎర్రబట్టల భవానీలు, వాచ్‌మన్ చేతిలో తాళాల గుత్తి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఎవరుంటున్నారు బాబూ అని అడిగితే ‘ఎవరో గెస్టులండీ, రేపు పొద్దున్నే వెళ్లిపోతారు’ అంటాడు. ఓనర్ హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. మరి నడిపేదెవరంటే ఒక ఫోన్ నంబర్ చెప్తాడు. ఆ నంబర్ మనిషిని అతను కూడా ఒకటి రెండుసార్లే చూసి ఉంటాడు.

రోజుల లెక్కన అద్దెకిచ్చే ఈ ఫ్లాట్ల మీద నగరంలో రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. నా ఇల్లు నా ఇష్టం, ఈఎంఐ కట్టేది నేను కదా అని ఓనర్లు అంటారు. పోలీసులకు చెప్పి మూయించండి, ఎవరెవరో వస్తున్నారు, పిల్లలున్న చోటు అని పక్క ఫ్లాట్ల వాళ్లు అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ ఇద్దరూ అసలు విషయం వదిలేశారని మా అభిప్రాయం. దీన్ని పోలీస్ కేసుగా చూసినంత కాలం ఇది తేలదు. ఇది నీళ్ల గొడవ, పన్ను గొడవ, అద్దెల గొడవ. అంటే కార్పొరేషన్ పని.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. వచ్చేపోయే జనంతో బతికే ఊరు మనది. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు ఉన్నంత కాలం, రైల్వే జంక్షన్ ఉన్నంత కాలం ఈ ఊళ్లో ఒకటి రెండు రాత్రులు తలదాచుకోవడానికి జనం వస్తూనే ఉంటారు. సత్రాలు, స్టేషన్ దగ్గర లాడ్జీలు, వన్‌టౌన్‌లో దసరాకి ముందు గది ఖాళీ చేసి యాత్రికులకిచ్చే ఇళ్లు, ఇవన్నీ ఫోన్లో బుకింగ్ రాకముందు నుంచీ ఉన్నవే. ఇప్పుడు వచ్చేది యాత్రికులు ఒక్కరే కూడా కాదు. సూర్యారావుపేట ఆసుపత్రుల్లో ఆపరేషన్ చేయించుకున్న తండ్రి పక్కన వారం రోజులు ఉండాల్సిన కొడుకు, కోడలు ఉన్నారు. ఆసుపత్రి వరండాలో పడుకోలేక, హోటల్ బిల్లు కట్టలేక, వంటగది ఉన్న ఫ్లాట్ దొరికితే వాళ్లకి ప్రాణం లేచొస్తుంది, పథ్యం వండి పెట్టుకోవచ్చు కదా. మంగళగిరి ఎయిమ్స్‌కి వచ్చేవాళ్లు, నేలపాడు హైకోర్టులో కేసున్నవాళ్లు, అమరావతి పనుల మీద వచ్చే ఇంజనీర్లు, యూనివర్సిటీల్లో పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు, వీళ్లందరికీ అలాంటి ఇల్లు కావాలి. కాబట్టి మొత్తం మూసేయాలి అన్న మాటకు మేం ఒప్పుకోం.

అలాగని కళ్లు మూసుకుని ఉండటం కూడా కుదరదు, ఎందుకంటే లెక్క చాలా సులభం. ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కి నెలకి 15 వేలు అద్దె వస్తుందనుకోండి. అదే ఫ్లాట్‌ని రోజుకి 2,500 చొప్పున ఇస్తే నెలలో సగం రోజులు నిండినా 37,500. దుప్పట్లు ఉతకడానికి, శుభ్రం చేయడానికి, బుకింగ్ యాప్ కమీషన్‌కి పోయినా మిగిలేది ఎక్కువే. ఇంత తేడా కనిపిస్తుంటే, ఇద్దరు పిల్లలతో ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన టీచర్‌కి ఆ ఫ్లాట్ ఎవరిస్తారు? ఒక ఓనర్ చేస్తే అది అతని సొంత విషయం. ఒకే మనిషి వేరే ఓనర్ల దగ్గర పది ఫ్లాట్లు నెల అద్దెకి తీసుకుని, వాటిని రోజు అద్దెకి తిప్పుతుంటే మాత్రం అది లాడ్జి. బోర్డు లేదు, అంతే తేడా.

అద్దెల సంగతి ఈ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. 2015, 16ల్లో ప్రభుత్వ ఆఫీసులు హైదరాబాద్ నుంచి ఇటు కదిలినప్పుడు ఏం జరిగిందో అప్పుడు అద్దెకున్న ఏ కుటుంబాన్నడిగినా చెప్తుంది. ఆఫీసులు వస్తున్నాయన్న మాట వినగానే టూలెట్ బోర్డు మీద అంకె మారిపోయింది, వచ్చేవాళ్లు ఇంకా రానే లేదు! తర్వాత మూడు రాజధానుల మాట వచ్చి ఆ ఊపు చల్లారింది. ఇప్పుడు మళ్లీ అమరావతి పనులు మొదలయ్యాయి, కూలీల దగ్గర్నుంచి కన్సల్టెంట్ల దాకా జనం వస్తున్నారు. ఈ సమయంలో ఇళ్లు ఒక్కొక్కటీ రోజు అద్దెలోకి జారుకుంటే, ఆ దెబ్బ ముందు తగిలేది ఇక్కడే పుట్టి పెరిగి సొంతిల్లు లేని వాళ్లకి.

పెద్ద నగరాలు ఈ విషయంలో ఎంత తల పట్టుకున్నాయో చూస్తే మనకి కొంత ధైర్యం, కొంత భయం రెండూ కలుగుతాయి. బార్సిలోనాలో పదేళ్లలో అద్దెలు 68 శాతం పెరిగాయని చెప్పి, 10,101 టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబర్ తర్వాత పొడిగించేది లేదని అక్కడి మేయర్ 2024 జూన్‌లో ప్రకటించారు. ఆ మరుసటి నెలలోనే ఆ ఊళ్లో జనం టూరిస్టుల మీద నీళ్ల తుపాకులతో నీళ్లు చిమ్మారు, ఫొటోలు ప్రపంచమంతా చూసింది. (మన దగ్గర అలా చేస్తే హోలీ అనుకుని నవ్వుకుంటారేమో గానీ, అక్కడ అది నిజమైన కోపం.) న్యూయార్క్ 2023 సెప్టెంబర్ నుంచి 30 రోజుల లోపు అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ రిజిస్ట్రేషన్ పెట్టింది. ఇంటివాళ్లు ఆ ఇంట్లోనే ఉండాలి, గెస్టులు ఇద్దరికి మించకూడదు. యాప్‌లలో ఇళ్లు ఒక్కసారిగా మాయమయ్యాయి. అద్దెలు మాత్రం దిగలేదని, హోటల్ రేట్లే పెరిగాయని ఇలాంటి ఇళ్లు బుక్ చేసే యాప్ కంపెనీ ఎయిర్‌బీఎన్‌బీ అంటోంది. కంపెనీ మాట కాబట్టి కాస్త తగ్గించి వినాలి, అయినా పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. ఆమ్‌స్టర్‌డామ్ 2019లో ఒక ఇంటిని ఏడాదికి 30 రాత్రులకు మించి ఇవ్వకూడదంది, లండన్ 90 అంది, జపాన్ 180 రోజులంది. సింగపూర్ అయితే ప్రైవేటు ఇళ్లని మూడు నెలలకు తక్కువ ఇవ్వకూడదని చెప్పేసింది.

వీటిని మక్కికి మక్కి తెచ్చి బెజవాడకి తగిలిస్తే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. మనకి ఏడాది పొడవునా టూరిస్టులు లేరు. మన రద్దీ అంతా దసరాకి, భవానీ దీక్షల విరమణకి, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకి, పెళ్లిళ్ల ముహూర్తాలకి ఒక్కసారిగా వచ్చి పడేది. మూలా నక్షత్రం రోజు క్యూలో నిలబడ్డవాళ్లకి ఆ రాత్రి గది ఏ రేటుకి దొరికిందో అడగండి. రోజు అద్దె ఫ్లాట్లు మూయించాలని హోటళ్ల వాళ్లు గట్టిగా అడుగుతున్నప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. లైసెన్సులకి, ఫైర్ ఎన్‌వోసీకి, పన్నులకి మేం డబ్బు పోస్తుంటే వాళ్లు ఊరికే నడుపుతున్నారన్న వాళ్ల బాధ న్యాయమైనదే, పోటీ లేకుండా ఉంటే బాగుణ్ణన్న కోరిక మాత్రం కాదు.

ఇక పక్క ఫ్లాట్‌లో ఉండేవాళ్ల కష్టం. దీన్ని మనం ఎప్పుడూ ‘న్యూసెన్స్’ అన్న ఒక్క మాటలో తేల్చేస్తాం. వేసవిలో బోరు అడుగంటి ట్యాంకర్ తెప్పించుకుంటున్న అపార్ట్‌మెంట్‌లో, ఒక ఫ్లాట్‌లో రోజూ ఎనిమిది మంది స్నానాలు చేసి వెళ్తుంటే ఆ ట్యాంకర్ డబ్బు అందరూ సమానంగా ఎందుకు కట్టాలి? లిఫ్టు అరుగుదల, చెత్త, అర్ధరాత్రి చెకిన్‌కి గేటు తీయడం, ఇవన్నీ మెయింటెనెన్స్‌లో కలిసిపోతున్నాయి, లాభం మాత్రం ఒక్కరికే. అందరికంటే ఇరుకున పడేది వాచ్‌మన్. అతని భార్య ఆ గదులు ఊడ్చి, దుప్పట్లు ఉతికి నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్న మాట నిజం. కానీ ఏదైనా జరిగితే ముందు స్టేషన్‌కి పిలిచేది కూడా అతన్నే, ఆ ఫోన్ నంబర్ మనిషిని కాదు. అగ్ని ప్రమాదం మాట ఎత్తకుండా ఉండలేం. 2020 ఆగస్టులో ఇదే నగరంలో ఓ హోటల్‌ని కోవిడ్ కేంద్రంగా నడుపుతుంటే తెల్లవారుజామున మంటలు లేచి కనీసం పది మంది చనిపోయారు. హోటల్ అని బోర్డున్న చోటే అలా జరిగింది. ఏ ఫ్లాట్‌లో ఏ రాత్రి ఎంతమంది పడుకున్నారో ఎవరికీ తెలియని భవనంలో మంటలొస్తే ఫైర్ సిబ్బంది ఎవరి కోసం వెతకాలి?

ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. నియంత్రణ అనగానే మన దగ్గర చర్చ ‘పెళ్లికాని జంటలు’ దగ్గరికి పోయి ఆగుతుంది. 2025 జనవరిలో హోటల్ గదులు బుక్ చేసే ఓయో కంపెనీ మీరట్‌లో పెళ్లికాని జంటలకు కావాలంటే గదులు నిరాకరించొచ్చని తన హోటళ్లకి చెప్పినప్పుడు, ఇక్కడా అలాగే చేయాలని చాలామంది సంబరపడ్డారు. మేజర్లైన ఇద్దరు ఒక గదిలో ఉండటం ఈ దేశంలో నేరం కాదు. అది మీకు నచ్చకపోవచ్చు, మీ ఇంట్లో గది ఇవ్వకండి, కానీ మున్సిపల్ రూలుకి దాంతో పని లేదు. ఇప్పటికే ఈ ఊళ్లో బ్యాచిలర్‌కి ఇల్లు దొరకదు, ముస్లిం పేరు చెప్తే సగం గేట్లు మూసుకుంటాయి, ‘వెజ్ ఓన్లీ’ అని టూలెట్ బోర్డు మీదే రాస్తారు. రోజు అద్దెల మీద పెత్తనమంతా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల చేతికిస్తే అదే జల్లెడ ఇంకొంచెం బిగుస్తుంది. అందుకే అసోసియేషన్‌కి తెలియాలి, నీళ్లకీ లిఫ్టుకీ అదనంగా వసూలు చేసుకునే హక్కు ఉండాలి అంటాం గానీ, వచ్చేది ఎవరన్నది తేల్చే హక్కు ఉండాలని అనం.

రూల్స్ లేవా అంటే అక్కడక్కడా ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. విదేశీయుడికి బస ఇస్తే 24 గంటల్లో అధికారులకు తెలపాలి. యాప్ ద్వారా బుక్ అయ్యి, ఓనర్‌కి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పన్ను యాప్ కంపెనీయే కట్టాలి, కానీ వాట్సాప్‌లో మాట్లాడుకుని ఫోన్‌పే కొడితే అదీ లేదు. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో ఇంటి పన్ను ఆస్తి విలువ మీద వేస్తున్నారు, నివాసానికి ఒక రేటు, నివాసేతరానికి అంతకంటే ఎక్కువ. లాడ్జిలా నడిచే ఫ్లాట్ ఇంటి రేటు కడుతూ, ఇంటి కరెంటు కేటగిరీలో ఉంటే ఆ తేడా ఊరంతా భరిస్తున్నట్టే. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం మాత్రం ఒక మంచి గీత ముందే గీసింది: ఆరు గదులకు మించకూడదు, యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి.

మా దృష్టిలో ఆ గీతే ముఖ్యం. తాళం చెవి ఎవరి దగ్గరుంది? ఇంటివాళ్లు ఆ ఇంట్లోనే ఉండి, పైగదో పక్క వాటాయో యాత్రికులకిస్తే వాళ్లని వదిలేయండి. వార్డు సచివాలయంలో ఒక ఫారం, ఒక నంబర్, నామమాత్రపు రుసుం, అంతకు మించి ఏమీ అడగొద్దు. సంతకాల కోసం నాలుగు ఆఫీసులు తిప్పితే ఏమవుతుందో మనకి తెలుసు, ఫైలు కదలడానికి ‘మామూలు’ పుడుతుంది, నిజాయితీగా నడిపేవాడు మానేస్తాడు, మిగతావాడు కవర్ ఇచ్చి నడుపుకుంటాడు. ఇంటివాళ్లు లేని, మొత్తం ఫ్లాట్‌ని తిప్పే వ్యాపారానికి మాత్రం వేరే లెక్క ఉండాలి. నివాసేతర పన్ను, కమర్షియల్ కరెంటు, ఫైర్ తనిఖీ, నగరంలోనే ఉండి పిలిస్తే వచ్చే బాధ్యుడి పేరు కావాలి. ఒక మనిషికి రెండు ఫ్లాట్లకు మించి కావాలంటే హోటల్ లైసెన్సు తీసుకోమనాలి. రిజిస్ట్రేషన్ నంబర్ లేని ఇంటిని యాప్‌లో పెట్టనివ్వకూడదు. ఇంటింటికీ తిరిగి పట్టుకోవడం కార్పొరేషన్ వల్ల కాదు, నంబర్ లేని ప్రకటనని తీసేయమని కంపెనీకి చెప్పడం కుదురుతుంది. ఆసుపత్రి అటెండెంట్ల మీద ఈ భారం పడకుండా వారం దాటిన బసకి పన్నులో మినహాయింపు ఇవ్వొచ్చు.

దీనికి చాలా సమయం ఉందనుకోవద్దు. 2027లో గోదావరి పుష్కరాలు, 2028లో మనకి కృష్ణా పుష్కరాలు. 2016 ఆగస్టులో పన్నెండు రోజులు ఘాట్ల దగ్గర ఎంత జనమో చూశాం, అప్పటికి ఈ యాప్‌లు ఇంతగా ఊళ్లోకి రాలేదు. ఈసారి ప్రతి ఖాళీ ఫ్లాటూ గెస్ట్‌హౌసే అవుతుంది, దాన్ని ఆపాల్సిన అవసరం కూడా లేదు, ఆ పన్నెండు రోజులకీ ఎవరైనా ఆన్‌లైన్లో స్వయంగా నమోదు చేసుకుని ఇచ్చుకునేలా తాత్కాలిక అనుమతి పెడితే చాలు. కానీ దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు పుష్కరాలు అయిపోయాక కమిటీ వేస్తే ఎవరికి ఉపయోగం?

కార్పొరేషన్ ముందు చేయాల్సింది చిన్న పని. 64 డివిజన్లలో వార్డు ప్లానింగ్ కార్యదర్శులున్నారు. వచ్చే దసరా నాటికి ఒక్కో డివిజన్‌లో ఇలాంటి ఫ్లాట్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్నింట్లో ఇంటివాళ్లు ఉంటున్నారో రాయించి, ఆ లెక్క జనం ముందు పెట్టమనండి. వివరాలు ఎక్కడ దొరుకుతాయంటారా, ప్రతి అపార్ట్‌మెంట్ గేటు దగ్గరా తాళాల గుత్తితో ఒక మనిషి కూర్చుని ఉంటాడు.